కనిపెట్టడం – కనిపెట్టుకొని ఉండడం: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ నివేదిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

శస్త్రచికిత్స బల్లపై స్పృహ లేకుండా ఉన్న రోగిని ఏ గుర్తును బట్టి కనిపెట్టుకొని ఉండాలి? శ్వాసను బట్టా, నాడిని బట్టా? ఈ ప్రశ్నకు 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో రెండు కమిషన్లు సమాధానం వెతికాయి. శ్వాసను మాత్రమే చూస్తే చాలునని తేల్చాయి. ఆ తీర్పు నిలవలేదు. కాని ఆ తీర్పుకు దారితీసిన ప్రయోగాలు, గీతలు, వాటిని చదివిన పద్ధతి నేటి ఎలక్ట్రానిక్ రోగి పర్యవేక్షణ పరికరాల చరిత్రలో తప్పక పరిశీలించవలసిన అధ్యాయం. కమిషన్ నివేదికను ఒక పాఠ్యంగా తీసుకొని, దాని తర్కాన్ని భారతీయ ప్రమాణశాస్త్ర పరిభాషతో పరీక్షించడం, తరువాతి ఆవిష్కరణలు ఆ తర్కంలోని లోపాలను ఎలా బయటపెట్టాయో చూపడం, స్థానిక విజ్ఞానచరిత్ర రచనలో గర్వానికి, సత్యానికి మధ్య ఉండవలసిన దూరాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశాలు.

కీలకపదాలు: క్లోరోఫాం కమిషన్, ఎడ్వర్డ్ లారీ, నాడి, శ్వాస, అనుపలబ్ధి, ఉపాధి, రోగి పర్యవేక్షణ, పల్స్ ఆక్సీమీటర్, స్థానిక చరిత్ర.

1. ప్రవేశిక:

తెలుగులో 'కనిపెట్టు' అనే క్రియకు రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. లేనిదాన్ని కల్పించడం, తెలియనిదాన్ని తెలుసుకోవడం ఒకటి. ఎదురుచూస్తూ, కాపు కాస్తూ, కన్ను మరల్చకుండా ఉండడం రెండవది. యంత్రాన్ని కనిపెట్టామని, రోగిని కనిపెట్టుకొని ఉన్నామని ఒకే క్రియతో చెప్పగల భాష మనది. నేటి పరిభాషలో 'మానిటర్'కు సమానంగా వాడుతున్న 'పర్యవేక్షణ' అనే మాటలో పైనుండి చూసే అధికారి చూపు ఉంది. 'కనిపెట్టుకొని ఉండడం'లో పక్కన కూర్చున్న మనిషి చూపు ఉంది. రోగి పర్యవేక్షణ యంత్రాల చరిత్ర అంతా ఈ రెండు అర్థాల మధ్య జరిగిన రాకపోకల చరిత్ర అని చెప్పవచ్చు. రోగిని కనిపెట్టుకొని ఉండవలసిన అవసరం యంత్రాన్ని కనిపెట్టించింది. కనిపెట్టిన యంత్రం తిరిగి మన చూపును తానే నిర్దేశించింది.

ఈ చరిత్రలో హైదరాబాదుకు ఒక స్థానం ఉంది. నేడు అబిడ్స్, నాంపల్లి, సుల్తాన్ బజార్, అఫ్జల్‌గంజ్ అని పిలుచుకుంటున్న ప్రాంతాలు ఒకదానికొకటి కాలినడక దూరంలో ఉన్నాయి. అబిడ్స్‌కు పేరునిచ్చిన ఆల్బర్ట్ అబిద్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసినవాడు. ఆ నిజాం ధనసహాయంతోనే, ఆ పరిసరాలలోనే, మత్తుమందు కింద ఉన్న ప్రాణిని ఎలా కనిపెట్టుకొని ఉండాలన్న ప్రశ్నపై ఆనాటికి అసాధారణమనిపించే పెద్ద ప్రయోగమాల నడిచింది.

2. నేపథ్యం – కన్ను ఊపిరిపైనా, వేలు నాడిపైనా?

1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. మూడు నెలలైనా పూర్తిగా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపాన హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాలలో మరణించింది. పెద్ద శస్త్రచికిత్స కాదు, ఎక్కువ మోతాదు కాదు, ఎక్కువ సమయమూ కాదు. ఈ వివరం ముందు ముందు మనకు ముఖ్యం.

ఆ మరణం తరువాత వైద్యులు రెండు పక్షాలయ్యారు. లండన్‌లో జాన్ స్నో క్లోరోఫాం గుండెను హఠాత్తుగా ఆపగలదని భావించాడు. ఆ సంప్రదాయంలోని జోసెఫ్ క్లోవర్ మత్తుమందు ఇస్తూ ఒక చేతి వేలిని రోగి నాడిపైనే ఉంచేవాడు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ బోధన వేరు. శ్వాసను చూడండి, నాలుక వెనక్కు పడకుండా చూసుకోండి, నాడి జోలికి పోకండి అన్నది ఆయన సూత్రం. 1880 నాటికి బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నియమించిన గ్లాస్గో సంఘం క్లోరోఫాం గుండెకు హాని చేస్తుందని చెప్పింది. అప్పటికీ వివాదం ఆగలేదు.

హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో సైమ్ వద్ద నేర్చుకున్నవాడు. అందుచేత హైదరాబాదులో ఈ ప్రశ్న కొత్తగా పుట్టలేదు. ఎడింబరోలో అప్పటికే ఒక సమాధానం పొందిన ప్రశ్న సాక్ష్యం కోసం హైదరాబాదుకు వచ్చింది. నివేదికను చదివేటప్పుడు ఈ క్రమాన్ని మరవకూడదు.

3. రెండు కమిషన్లు:

మొదటి కమిషన్ 1888లో పాట్రిక్ హెహిర్ అధ్యక్షతన పనిచేసింది. వీధికుక్కలకు క్లోరోఫాం ఇచ్చి, ముందు ఆగేది శ్వాసా, గుండెా అని గమనించింది. అన్ని సందర్భాలలోనూ శ్వాసే ముందు ఆగిందని చెప్పింది. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితాన్ని సందేహించింది. అప్పుడు ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా ద్వారా నిజాం ప్రభుత్వం ఆ పత్రికకు వెయ్యి పౌన్లు ఇచ్చి, వారు ఎంచుకున్న శాస్త్రవేత్తనే హైదరాబాదుకు పంపి ప్రయోగాలను పునఃపరీక్షించమని కోరింది. సందేహించినవారినే పరీక్షకు పిలవడం చిన్న విషయం కాదు. ఈ ధైర్యానికి హైదరాబాదు ప్రశంస పొందవలసిందే.

లాన్సెట్ తరపున వచ్చిన థామస్ లాడర్ బ్రంటన్ ఆనాటి ఔషధశాస్త్రంలో పేరుమోసినవాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్ముతూ వచ్చినవాడు. లారీ, బ్రంటన్‌లతోపాటు జెరాల్డ్ బామ్‌ఫర్డ్, హైదరాబాదు వైద్యుడు రుస్తుంజీ హకీం ఈ రెండవ కమిషన్‌లో సభ్యులు. 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు మొదలైన కొన్ని వందల జంతువులపై ప్రయోగాలు జరిగాయి. వాటిలో ఒక భాగం రక్తపోటు నమోదుతో కూడినవి. జంతువు ధమనికి మానోమీటరును కలిపి, దాని కదలికను మసి పూసిన కాగితంపై గీతగా దింపే కైమోగ్రాఫ్‌ను వాడారు. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ రూపొందించిన ఈ యంత్రం ప్రాణి లోపలి కదలికను తెరిపి లేకుండా, మనిషి చేయి తగలకుండా తానే రాసుకొనే సాధనం. నేటి ఐసీయూ తెరపై కదిలే గీతకు పూర్వీకురాలు ఈ మసికాగితపు గీతే.

ఫలితం బ్రంటన్ పూర్వాభిప్రాయాన్ని మార్చింది. శ్వాస ఆగిన తరువాతనే గుండె ఆగుతుందని ఆయన హైదరాబాదు నుండి తంతి పంపాడు. 1890లో లాన్సెట్‌లో వెలువడిన నివేదిక 1891లో బొంబాయిలో పుస్తకంగా అచ్చయింది. మత్తుమందు ఇచ్చేవాడు పూర్తిగా శ్వాసను బట్టే నడచుకోవాలన్నది అందులోని ఆచరణాత్మక సూత్రాల సారాంశం.

4. నివేదిక తర్కం – అనుపలబ్ధి, ఉపాధి:

నివేదికలో నిజాయితీ లోపం కనిపించదు. ప్రయోగాల వివరాలను, గీతలను అది దాచలేదు. ఇతరులు వాటిని మళ్లీ చదివి విమర్శించగలిగింది అందువల్లనే. లోపం వివరాలలో లేదు. వివరాలనుండి సిద్ధాంతానికి దాటిన తీరులో ఉంది. ఆ దాటును పరీక్షించడానికి మన ప్రమాణశాస్త్రంలోని రెండు భావనలు ఉపకరిస్తాయి.

మొదటిది అనుపలబ్ధి. కనబడకపోవడాన్ని లేకపోవడానికి ప్రమాణంగా భాట్ట మీమాంసకులు, అద్వైతులు అంగీకరించారు. కాని ఒక నియమం పెట్టారు. ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితి ఉండాలి. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు. వెలుతురులో నేలపై కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిలో కనబడకపోతే అనలేము. కమిషన్ వందల ప్రయోగాలలో గుండె ముందుగా ఆగడాన్ని చూడలేదు. కనుక క్లోరోఫాం గుండెను ముందుగా ఆపదన్నది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. గుండె ముందుగా ఆగే పరిస్థితి ఆ ప్రయోగాలలో అసలు కల్పించబడిందా?

రెండవది ఉపాధి. నైయాయికుల ప్రసిద్ధోదాహరణలో పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న వ్యాప్తి నిలుస్తుంది. నిప్పు ఉన్నచోటెల్లా పొగ ఉంటుందన్నది నిలవదు. ఎందుకంటే పొగకు తడికట్టె అనే అదనపు షరతు అవసరం. ఆ షరతే ఉపాధి. కమిషన్ ప్రయోగాలలో ఎక్కువ భాగం క్లోరోఫాంను జంతువు చనిపోయేవరకు పట్టుదలగా ఇచ్చినవి. అంత లోతైన మత్తులో మెదడులోని శ్వాసకేంద్రం ముందుగా స్తంభించడం సహజం. క్లోరోఫాం మరణంలో శ్వాసే ముందు ఆగుతుందన్న వ్యాప్తికి అధిక మోతాదు అనే ఉపాధి అంటుకొని ఉంది. హన్నా గ్రీనర్ వంటివారు మరణించింది అధిక మోతాదుతో కాదు. మత్తు తొలిదశలో, భయంతో, తేలికపాటి మోతాదులో ఆమె చనిపోయింది. కమిషన్ మరణాలను పరీక్షించింది. కాని జవాబు చెప్పవలసిన మరణాలను పరీక్షించలేదు.

ప్రయోగాల సంఖ్య ఈ లోపాన్ని పూడ్చలేదు, పైగా కప్పిపుచ్చింది. తడికట్టెతో వందసార్లు నిప్పు రాజేసినా, నిప్పుకు పొగ తప్పదన్న నిర్ణయం సత్యం కాదు. బ్రంటన్ వంటి ప్రవీణుడు తన నమ్మకాన్ని వదులుకున్నది ఈ సంఖ్యాబలం ముందే. పూర్వాభిప్రాయాన్ని వదులుకోవడం శాస్త్రజ్ఞుడికి భూషణమే. అయితే ఎందుకు వదులుకున్నాడన్నది కూడా చూడాలి.

5. గీత – దాని చదువరులు:

కైమోగ్రాఫ్ గీతలలో ఒక విషయం స్పష్టంగా ఉంది. క్లోరోఫాం ఇస్తున్నకొద్దీ రక్తపోటు పడిపోయింది. ఈ పతనాన్ని లారీ ప్రమాదంగా చదవలేదు. గుండె బలహీనపడడం వల్ల కాదని, ఇది హానికరం కాదని, ఒక విధంగా రక్షణేనని వాదించాడు. గీత నిజమే చెప్పింది. కాని పోటు పడడానికి కారణం రక్తనాళాలు సడలడమా, గుండె నీరసించడమా అన్నది ఆ గీత తనంతట తాను చెప్పలేదు. యంత్రం రాసిన వాక్యానికి కర్తను చదువరి పూరించాడు.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శరీరధర్మశాస్త్రజ్ఞులు ఆ నివేదికను సూటిగా విమర్శిస్తూ తమ ప్రయోగాలను ప్రకటించారు. ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తం అందేలా కలిపి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరినప్పుడు ఏమవుతుందో, గుండెకు మాత్రమే చేరినప్పుడు ఏమవుతుందో విడివిడిగా చూశారు. మెదడుకు మాత్రమే చేరితే రక్తపోటు పడలేదు, పెరిగింది. గుండెకు చేరినప్పుడే పడింది. కలిసి ఉన్న రెండు కారణాలను విడదీసి ఉపాధిని గుర్తించడమంటే ఇదే. గీతను మార్చలేదు, దానికి కర్తను నిర్ధారించారు.

హైదరాబాదులో రెండవ కమిషన్ పనిచేసిన 1889లోనే అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం మనుషులలో ఆకస్మిక మరణాలకు జఠరికల అస్తవ్యస్త కంపనం, అంటే ఫిబ్రిలేషన్, కారణం కావచ్చునని ప్రతిపాదించాడు. గుండె ఆగడమంటే నిశ్చలమవడమే కానక్కరలేదు. వణుకుతూ ఉండి కూడా రక్తాన్ని నెట్టలేకపోవచ్చు. 1911లో గుడ్‌మన్ లెవీ, థామస్ లూయిస్‌తో కలిసి, తేలికపాటి క్లోరోఫాం కింద ఉన్న పిల్లులలో గుండె లయ తప్పడాన్ని, జఠరికలు కంపనంలోకి జారడాన్ని చూపాడు. ఇందుకు సాక్ష్యమిచ్చినది పాదరసం కాదు, విద్యుత్తు. అప్పటికి దశాబ్దం కిందట విలెం ఐన్‌తోవన్ రూపొందించిన తీగ గాల్వనోమీటరు గుండె విద్యుత్ కదలికను గీయగలిగింది. ఆ పరికరంతోనే ఈసీజీ యుగం మొదలైంది. హైదరాబాదు ప్రశ్నకు జవాబు దొరకడానికి రెండు మార్పులు అవసరమయ్యాయి. మోతాదు తగ్గాలి, పరికరం మారాలి. చీకటి ఇల్లు అప్పుడు వెలుతురు ఇల్లయింది. అనుపలబ్ధి అప్పుడు యోగ్యమైంది.

6. నాడి తెలిసిన నేలపై నాడిని వద్దన్న పాఠం:

ఈ వివాదంలో ఇంతవరకు తగినంత గుర్తింపు పొందని ఒక వైచిత్రి ఉంది. హైదరాబాదు నగరంలో ఆనాడు ప్రజలకు అందుబాటులో ఉన్న రెండు దేశీయ వైద్యపద్ధతులూ, అంటే యునానీ, ఆయుర్వేదం, నాడీపరీక్షకు అగ్రస్థానం ఇచ్చినవే. తెలుగునేలపై వైద్యులు తరతరాలుగా వాడిన 'బసవరాజీయం' నాడీపరీక్షను విస్తరించి చెప్పిన గ్రంథం. హకీం చేతిలో, వైద్యుడి చేతిలో రోగి మణికట్టు ఉండడం ఇక్కడి మనుషులకు వైద్యమంటే మొదట గుర్తొచ్చే దృశ్యం. అలాంటి నగరంలో, ఆ సంస్కారంలో పెరిగిన విద్యార్థులకు, మత్తు ఇచ్చేటప్పుడు నాడిని చూడవద్దని వైద్య పాఠశాల బోధించింది.

అయితే దేశీయ నాడీశాస్త్రం లారీ కన్నా ముందే ఈ సత్యాన్ని కనుగొన్నదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వాతపిత్తకఫాల గతిని తెలిపే నాడి వేరు, మత్తు కింద గుండె స్థితిని తెలిపే నాడి వేరు. ఒక పదం రెండు శాస్త్రాలలో ఉన్నంతమాత్రాన రెండు శాస్త్రాలు ఒకటి కావు. పైగా తెలుగు శాస్త్రపరిభాషలో 'నాడి' పల్స్‌కూ వాడుతున్నాం, నరాలకు సంబంధించిన 'నాడీమండలం'లోనూ వాడుతున్నాం. పరిభాష విషయంలో ఈ అస్పష్టత పరిశోధకులు పరిష్కరించవలసినదే. ఇక్కడ చెప్పదలచినది ఇంతే. ఒక గుర్తును చూడవద్దనే ఆజ్ఞ, ఆ గుర్తును చూడడంలో నైపుణ్యం ఉన్న సమాజంలో అమలైంది. ఆ సమాజం ఏమనుకున్నదో నివేదిక అడగలేదు. అడగాలన్న ఊహకే అందులో చోటు లేదు.

స్థానికులు నివేదికలో లేరని కాదు. రుస్తుంజీ హకీం సభ్యుడే. లారీ శిష్యురాలు, హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ నగర ఆసుపత్రులలో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చిన వైద్యురాలు. మత్తువైద్యాన్ని వృత్తిగా స్వీకరించిన తొలి మహిళలలో ఆమెను లెక్కిస్తారు. సిద్ధాంతం పేరు లారీది. రోజూ రోగి ముఖం వద్ద నిలబడి ఊపిరిని లెక్కించినది ఇటువంటి వైద్యులు. హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫాం సురక్షితంగా నడిచిందన్న లారీ వాదనలో వాస్తవం ఉంటే, దానికి కారణం సూత్రం ఒక్కటే కాకపోవచ్చు. తెరిపి లేకుండా కనిపెట్టుకొని ఉన్న ఆ కళ్లు కూడా కావచ్చు. సూత్రానికి దక్కిన కీర్తి శ్రద్ధకు దక్కలేదు.

7. ఒకే తెరపై రెండు పక్షాలు:

ఇరవయ్యో శతాబ్దపు ఆవిష్కరణలను ఈ వెలుగులో చూడాలి. 1895 ప్రాంతంలో బోస్టన్‌లో విద్యార్థులుగా ఉన్న హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ కాడ్‌మన్ మత్తు సమయంలో రోగి నాడిని, శ్వాసను కాగితంపై నమోదు చేసే పట్టికలను మొదలుపెట్టారు. తన చేతిలో మత్తు కింద ఒక రోగి చనిపోవడం కుషింగ్‌ను కదిలించింది. 1901లో ఆయన ఇటలీలోని పావియాలో రీవా-రోచీ రూపొందించిన చేతిపట్టీ రక్తపోటు యంత్రాన్ని చూసి అమెరికాకు తెచ్చాడు. ధమనిని కోయకుండా పోటు కొలవడం ఆసుపత్రిలో సాధ్యమైంది.

1952లో హిమెల్‌స్టైన్, షైనర్ అనే ఇద్దరు ప్రకటించిన కార్డియోటాకోస్కోప్ ఈసీజీ గీతను కేథోడ్ కిరణాల తెరపైకి తెచ్చి, శస్త్రచికిత్స గదిలో ఎడతెగకుండా చూపింది. గీత కాగితాన్ని వదిలి తెరకు చేరింది. అప్పటికే 1947లో క్లాడ్ బెక్ కంపించే గుండెను విద్యుదాఘాతంతో తిరిగి లయలో పెట్టగలిగాడు. కనబడిన కంపనాన్ని సరిచేయడం సాధ్యమైనప్పుడే దాన్ని కనిపెట్టుకొని ఉండడానికి పూర్తి అర్థం వచ్చింది. 1960ల ఆరంభంలో హృద్రోగులకు ప్రత్యేక విభాగాలు వెలిశాయి. 1974లో జపాన్‌లో టాకువో అయోయగి పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని ప్రకటించాడు.

అయోయగి కథ మన చర్చకు అత్యంత సన్నిహితం. ఆయన చెవి తమ్మె గుండా కాంతిని పంపి, రక్తంలోని రంగుద్రవ్యాన్ని కొలుస్తూ గుండె పంపే రక్తపరిమాణాన్ని లెక్కించాలనుకున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కాంతి ఒడిదుడుకులు వచ్చి కొలత చెడిపోయేది. ఆ ఒడిదుడుకులను తొలగించే ప్రయత్నంలోనే, కొట్టుకుంటున్న భాగమే ధమనుల రక్తమని, దాన్ని విడదీస్తే అందులోని ప్రాణవాయువు శాతం తెలుస్తుందని గ్రహించాడు. లారీ పక్కన పెట్టమన్న నాడి, అయోయగి తీసివేయాలనుకున్న నాడి, చివరికి శ్వాస ఫలితాన్ని చెప్పే సాధనమైంది. శ్వాస సక్రమంగా ఉందో లేదో ఇప్పుడు నాడి ద్వారా తెలుసుకుంటున్నాం.

నేడు నాంపల్లిలోని హృద్రోగ ఆసుపత్రిలోనైనా, ఉస్మానియాలోనైనా రోగి పక్కన వెలిగే తెరపై ఈసీజీ, రక్తపోటు, ఆక్సిజన్ శాతం, శ్వాస లెక్క, మత్తు సమయంలో వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గీత ఒకదాని కింద ఒకటి నడుస్తాయి. లండన్ పక్షం, ఎడింబరో పక్షం ఒకే తెరపై పొత్తు కుదుర్చుకున్నాయి. నాడిని చూడవద్దనడంలో హైదరాబాదు కమిషన్ పొరపడింది. శ్వాసను ఎడతెగకుండా చూడాలనడంలో పొరపడలేదు. మత్తు ప్రమాదాలలో శ్వాస సంబంధమైనవి ఎంత ముఖ్యమో తరువాతి కాలపు పర్యవేక్షణ ప్రమాణాలు ఒప్పుకున్నాయి. శ్వాసను చూడాలన్న విధి నిలిచింది. నాడిని చూడవద్దన్న నిషేధం పోయింది. నివేదికకు న్యాయంగా ఇవ్వవలసిన తీర్పు ఇది.

8. అంకె ఎవరి దేహంపై సరిచూసినది?

తెర వచ్చినంతమాత్రాన చదువరి సమస్య తీరలేదు. కుక్కలపై గీసిన గీతను మనుషులకు వర్తింపజేయడం కమిషన్ చేసిన దాటు. నేటి యంత్రాలలో ఆ దాటు మరో రూపంలో ఉంది. పల్స్ ఆక్సీమీటరు ప్రాణవాయువును నేరుగా కొలవదు. రెండు కాంతుల శోషణ నిష్పత్తిని కొలిచి, ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తులపై ముందుగా తయారుచేసుకున్న పట్టికతో పోల్చి అంకెగా చూపుతుంది. ఆ వ్యక్తుల చర్మవర్ణం ఏది అన్న ప్రశ్న అంకెలో కనబడదు. 2020లో అమెరికాలో మైకేల్ స్యోడింగ్ బృందం ప్రకటించిన అధ్యయనంలో, యంత్రం 92 నుండి 96 శాతం చూపుతున్నప్పుడు రక్తపరీక్షలో వాస్తవంగా 88 శాతం కన్నా తక్కువగా ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, శ్వేతజాతి రోగులలో 3.6 శాతం అని తేలింది.

కోవిడ్ కాలంలో మన దేశంలో 94 అనే అంకె ఇంట్లో ఉండవచ్చునా, ఆసుపత్రికి వెళ్లాలా అన్న నిర్ణయానికి హద్దుగా నిలిచింది. ఆ అంకెను లక్షల ఇళ్లలో వేలికి తగిలించిన చిన్న పరికరం చెప్పింది. చామనఛాయ, నలుపు సర్వసాధారణమైన తెలుగునేలలో ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునన్నది వైద్యుల ప్రశ్న మాత్రమే కాదు. ప్రమాణశాస్త్రం చదివిన ప్రతివారి ప్రశ్న కూడా. ఏ దేహాలపై సరిచూసిన సూత్రం ఏ దేహాలకు వర్తిస్తున్నది? 1890లో నివేదికను అడగవలసిన ప్రశ్న ఇదే.

ఎక్కువగా మోగే హెచ్చరికలు కూడా మరొక అనుపలబ్ధిని సృష్టిస్తున్నాయి. 2013లో అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, మూడున్నరేళ్లలో తమకు చేరిన అలారం సంబంధిత ఘటనలు 98 అని, వాటిలో 80 మరణాలని తెలిపింది. ఎప్పుడూ మోగే గంట చెవికి వినబడదు. యంత్రం చూస్తున్నదన్న ధీమాతో మనిషి చూడడం మానితే, కనిపెట్టడం మిగులుతుంది, కనిపెట్టుకొని ఉండడం పోతుంది.

9. స్థానిక చరిత్ర రచన – గర్వం, సత్యం:

క్లోరోఫాం కమిషన్ ప్రస్తావన హైదరాబాదుపై వచ్చే జనరంజక రచనలలో తరచు ఒక గర్వకారణంగా కనిపిస్తుంది. ప్రపంచ వైద్యం హైదరాబాదు వైపు చూసిందని, లండన్ సందేహాన్ని నిజాం డబ్బు తీర్చిందని కథ అక్కడితో ముగుస్తుంది. తీర్పు తరువాత కూలిపోయిందన్న మాట ఉండదు. దీనికి ఎదురుగా, వలస వైద్యాధికారి మొండితనంగా మాత్రమే దీన్ని కొట్టిపారేసే పఠనం మరొకటి. మొదటిది నగరాన్ని గౌరవిస్తున్నట్టు కనిపిస్తూ తక్కువ చేస్తుంది. రెండవది ఈ నగరంలో పనిచేసిన వైద్యులను, ధనమిచ్చిన రాజ్యాన్ని, సందేహించేవారిని పిలిచిన సాహసాన్ని కనబడకుండా చేస్తుంది.

రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో మలేరియా పరాన్నజీవిని దోమలో చూసిన ఘటనను మనం సగర్వంగా చెప్పుకుంటాం. అది నిలిచిన సత్యం. నిలవని సత్యాన్ని ఎలా చెప్పుకోవాలో మనకింకా అలవాటు కాలేదు. కాని విజ్ఞానచరిత్రలో నిలవని తీర్పులు కూడా ఆస్తులే. అవి ఎందుకు నిలవలేదో తెలిసినప్పుడు అవి పాఠాలవుతాయి. కమిషన్ తన గీతలను బహిరంగపరచింది కాబట్టే గాస్కెల్, షోర్ వాటిని విమర్శించగలిగారు. హైదరాబాదు ప్రపంచానికిచ్చినది సరైన జవాబు కాదు, సరిదిద్దడానికి వీలైన జవాబు. ఆ గౌరవం చిన్నది కాదు.

తెలుగులో వైద్యచరిత్ర ఇంకా ఆయుర్వేద గ్రంథపరిచయాల దగ్గర, జీవితచరిత్రల దగ్గరే ఎక్కువగా ఆగింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో తెలుగు విశ్వవిద్యాలయం పనిచేసిన నగరంలోనే, అక్కడికి నడిచి వెళ్లగల దూరంలో జరిగిన ఈ ప్రయోగమాలపై తెలుగులో విస్తృతమైన విమర్శ రావలసి ఉంది. నివేదిక ఆంగ్లంలో ఉన్నది, విషయం వైద్యానిది అన్న కారణాలతో సాహిత్య, చరిత్ర పరిశోధకులు దాన్ని పక్కన పెట్టనక్కరలేదు. నివేదిక కూడా వాక్యాలతో కట్టిన పాఠ్యమే. దానికీ వక్త ఉన్నాడు, శ్రోత ఉన్నాడు, మౌనాలున్నాయి.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ రోగిని ఎలా కనిపెట్టుకొని ఉండాలన్న ప్రశ్నను ప్రయోగానికి పెట్టింది. ఆ ప్రశ్న నేటి ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ యంత్రాలకు మూలప్రశ్న.

• కమిషన్ తర్కంలోని లోపం అయోగ్యమైన అనుపలబ్ధిని ప్రమాణంగా తీసుకోవడం, అధిక మోతాదు అనే ఉపాధిని గుర్తించకపోవడం. ప్రయోగాల సంఖ్య ఈ లోపాన్ని సవరించలేదు.

• యంత్రం గీసిన గీత నిష్పాక్షికమైనా, దాని పఠనం నిష్పాక్షికం కానక్కరలేదు. రక్తపోటు పతనాన్ని రక్షణగా చదవడం ఇందుకు నిదర్శనం.

• శ్వాసను చూడాలన్న కమిషన్ విధి నిలిచింది, నాడిని చూడవద్దన్న నిషేధం నిలవలేదు. నేటి మానిటర్ తెర ఈ రెండింటినీ కలిపింది.

• ఆక్సీమీటరు అంకెలలో చర్మవర్ణ సమస్య, అలారాల అలసట, కమిషన్ కాలంనాటి ప్రశ్నలకు నేటి రూపాలు.

• స్థానిక విజ్ఞానచరిత్రను గర్వంతో కాక, సరిదిద్దుకోగల సత్యంతో రాయవలసిన అవసరం ఉంది.

మత్తులో ఉన్న మనిషి తన బాధను తాను చెప్పుకోలేడు. అతని తరపున ఒకప్పుడు వేలు మాట్లాడింది, తరువాత గీత, ఇప్పుడు అంకె మాట్లాడుతున్నాయి. వాటిలో ఏది మాట్లాడినా అది చెప్పనిదేమిటో అడిగేవారు పక్కన ఉండాలి. ఒక గుర్తు చాలునని తృప్తిపడిన నివేదిక, మరో గుర్తు చూడకపోవడం వల్ల ఓడిపోయింది. ఆ ఓటమిని దాచకుండా చదవడం ఈ నగరం తన వైద్యచరిత్రకు చేయగల మేలు.